జోంగ్‌జి చేసే విధానం: ఆకు నానబెట్టడం దగ్గర్నుంచి ముడి విప్పే దాకా

చైనాలో చాంద్రమానం ప్రకారం ఐదో నెల ఐదో రోజున వచ్చే పండుగ పేరు దువాన్‌వూ, జోంగ్‌జి ఆ పండుగ వంట. చాలా ఏళ్ళలో అది మన జ్యేష్ఠ శుద్ధ పంచమి ప్రాంతంలోనే పడుతుంది, 2025లో మే 31న వచ్చింది, 2026లో జూన్ 19న. దానికి వారం ముందు నుంచే జెజియాంగ్ రాష్ట్రంలోని జియాషింగ్‌లో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా తడి వెదురాకు ఉడికే వాసన తగులుతుంది. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు ఉడుకుతుంటే అంబాజీపేట వైపు వంటిళ్ళలో వచ్చే వాసన తెలిసినవాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక. ఆ తరహాదే, కాకపోతే తేయాకు పోలిక కొంచెం ఉంటుంది.

నేను ఆ ఊళ్ళో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది, అందరూ ఆయీ అని పిలిచేవాళ్ళు, మనం పిన్నిగారూ అన్నట్టు. వరసగా మూడు పండుగలకి నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి జోంగ్‌జి కట్టడం నేర్పింది. జోంగ్‌జి అంటే జిగురు బియ్యాన్ని ఆకులో పొట్లం కట్టి, నీళ్ళలో గంటల తరబడి ఉడికించిన ముద్ద. చెప్పుకుంటే ఇంతే. కానీ మొదటిసారి నేను కట్టిన పన్నెండింటిలో ఐదు గిన్నెలోనే విచ్చిపోయి నీళ్ళన్నీ గంజి అయిపోయాయి. మసాలా తప్పయితే సర్దుకోవచ్చు, కట్టు తప్పితే సర్దుకోవడం కుదరదు. అందుకే ఇక్కడ ఆకు గురించి, కట్టు గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఈ పొట్లం వెనక ఉన్న కథ చెప్పుకుందాం, ఎందుకంటే చేసే పద్ధతిలో సగం ఆ కథలోనే ఉంది.

ఎక్కువమంది చెప్పేది చ్యూ యువాన్ కథ. క్రీ.పూ. 4-3 శతాబ్దాల నాటి చూ రాజ్యపు మంత్రి, కవి. రాజు ఆయన మాట వినకుండా దేశం నుంచి వెళ్ళగొట్టాడు. క్రీ.పూ. 278లో చిన్ సైన్యం చూ రాజధానిని పట్టుకుందని తెలిసి, ఇప్పటి హూనాన్‌లోని మీలువో నదిలో దూకి ప్రాణం తీసుకున్నాడు. జనం పడవలేసుకుని వెతికారట, చేపలు ఆయన ఒంటిని ముట్టకుండా నీళ్ళలో అన్నం పోశారట. ఈ పండుగకి జరిగే డ్రాగన్ పడవల పందేలు ఆ వెతుకులాటకి గుర్తు, జోంగ్‌జి ఆ అన్నానికి గుర్తు. మరి ఆకు ఎందుకు చుట్టారు? 5-6 శతాబ్దాల నాటి ఒక కథలో దానికి జవాబుంది. తూర్పు హాన్ కాలంలో చాంగ్‌షాలో ఒకతనికి చ్యూ యువాన్ కనిపించి, మీరు ఇచ్చే అన్నమంతా నీటి డ్రాగన్ ఎత్తుకుపోతోంది, ఇకమీదట ఆకు కప్పి ఐదు రంగుల దారంతో కట్టండి, ఆ రెండూ అంటే దానికి భయం అన్నాడట. అందులో చెప్పిన ఆకు మన వేపకి దాయాది అయిన చెట్టుది. ఆకు చేదు మీద నమ్మకం అక్కడా ఉందని చదివినప్పుడు నాకు చాలా దగ్గరితనం అనిపించింది.

అయితే అన్ని ఊళ్ళకీ ఇదే కథ కాదు. సూజోవ్ వైపు ఈ పండుగ వూ జిషూ అనే సేనాపతి పేరు మీద, షావోషింగ్ వైపు నదిలో మునిగిపోయిన తండ్రి కోసం తానూ దూకేసిన త్సావో అ అనే పిల్ల పేరు మీద. జోంగ్‌జి గురించి బాగా పాత రాతల్లో ఒకటి క్రీ.శ. 3వ శతాబ్దంలో జోవ్ చూ అనే ఆయన రాసింది. నీటి గడ్డి ఆకుల్లో జిగురు ధాన్యం చుట్టి, చిక్కటి బూడిద నీళ్ళలో ఉడికించేవాళ్ళని, యిన్, యాంగ్ అనే రెండు ఎదురెదురు శక్తులు ఇంకా విడిపోకుండా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్న స్థితికి అది గుర్తని రాశాడు. బూడిద నీళ్ళ పద్ధతి ఇప్పటికీ పోలేదు. గ్వాంగ్‌డాంగ్‌లో క్షారపు నీళ్ళు కలిపి పసుపుపచ్చగా, జెల్లీలా మెరిసే తియ్యటి జోంగ్‌జి చేస్తారు. 1988లో జియాంగ్‌షీ రాష్ట్రం దేఆన్‌లో దక్షిణ సోంగ్ కాలపు ఒక స్త్రీ సమాధి తవ్వితే, పీచ్ కొమ్మకి వేలాడదీసిన రెండు జోంగ్‌జిలు బయటపడ్డాయి. 1274లో పోయిన మనిషికి తోడుగా పెట్టినవి, దారం కట్టుతో సహా మిగిలాయి.

ఇంకో సంగతి. ఐదో నెలని అక్కడ విషపు నెల అంటారు. ఎండలు ముదురుతాయి, పాములూ తేళ్ళూ జెర్రులూ బయటికొస్తాయి, జబ్బులు మొదలవుతాయి. అందుకని గుమ్మానికి రెండు మొక్కలు కడతారు. ఒకటి మన వినాయక చవితి పత్రిలో ఉండే మాచిపత్రి జాతిది. రెండోది వస, మన ఇళ్ళలో పసిపిల్లలకి అరగదీసి నాకించే అదే వసకొమ్ము మొక్క. ఆయీ గుమ్మానికి ఎర్ర దారంతో వేలాడుతున్న వస ఆకుని చూసి, ఇది మా అమ్మమ్మ పెట్టెలో ఉండేది అని చెప్తే ఆవిడ నమ్మలేదు.

ఇక పనిలోకి వద్దాం. కింద చెప్పేది జియాషింగ్ పద్ధతి మాంసం జోంగ్‌జి. 1921లో అక్కడ మొదలైన వూఫాంగ్‌జాయ్ దుకాణం పేరుతో దేశమంతా తెలిసిన రకం ఇదే. శాకాహారులకి వేరే రకం చివర్లో చెప్తాను, కట్టే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

కావలసినవి, సుమారు పదహారు జోంగ్‌జిలకి: కిలో జిగురు బియ్యం, 600 గ్రాముల పంది మాంసం, నలభై అయిదు ఎండు వెదురాకులు, సన్నటి నూలు పురికొస, లైట్ సోయా సాస్, డార్క్ సోయా సాస్, పంచదార, ఉప్పు, చెంచాడు ఏదైనా ఘాటు మద్యం. లెక్క ప్రకారం ముప్ఫై రెండు ఆకులు చాలు కానీ కొన్ని చిరుగుతాయి, కొన్ని పైన మాసిక వెయ్యడానికి కావాలి.

బియ్యం విషయంలో రాజీ పడకండి. సోనా మసూరి ఎంత మెత్తగా వండినా జోంగ్‌జి అవ్వదు. మామూలు బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఉంటుంది, మెతుకు విడివిడిగా నిలబడేది దానివల్లే. జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు, అంతా అమైలోపెక్టిన్ అనే ఇంకో రకం పిండిపదార్థమే, అందుకే మెతుకులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా నిలుస్తాయి. గింజ చూడగానే తెలిసిపోతుంది, మామూలు బియ్యంలా గాజులా ఉండదు, సుద్దలా తెల్లగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో స్టికీ రైస్ పేరుతో దొరుకుతుంది. అస్సాం బొరా బియ్యం దొరికితే ఇంకా మంచిది, అదీ జిగురు రకమే.

ఆకుల పని ముందు రోజు రాత్రి మొదలవ్వాలి. ఎండు ఆకుల్ని పెద్ద బేసిన్‌లో చన్నీళ్ళలో ముంచి, పైకి తేలకుండా పళ్ళెం బరువు పెట్టండి. పొద్దున్న ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో పది నిమిషాలు ఉడకనివ్వండి. అప్పటిదాకా పెళుసుగా ఉన్న ఆకు రిబ్బన్‌లా వంగుతుంది. తర్వాత ఒక్కో ఆకునీ రెండు వైపులా మెత్తటి గుడ్డతో, ఆకు పొడవు వెంబడే తుడవండి. అడ్డంగా తుడిస్తే ఈనె వెంబడి చీలుతుంది. మొదలు దగ్గర ఉండే గట్టి కాడని కత్తెరతో అర అంగుళం కత్తిరించెయ్యండి. ఆ కాడే తర్వాత పక్క ఆకుని గుచ్చి చిల్లు పెడుతుంది, నా ఐదు జోంగ్‌జిల్లో రెండు అలా పోయినవే. కట్టే దాకా ఆకులు నీళ్ళలోనే ఉండాలి, గాలికి పెడితే పది నిమిషాల్లో మళ్ళీ బిరుసెక్కుతాయి. ఉడికాక కూడా ఆకు మిలమిలా పచ్చగానే ఉంటే అనుమానించండి, రాగి లవణం పట్టించిన ఆకులకి అలాంటి రంగుంటుంది. మామూలు ఆకు ఉడికితే ముదురు ఆలివ్ రంగులోకి, గోధుమ రంగులోకి తిరగాలి.

వెదురాకు దొరక్కపోతే అరటాకు వాడొచ్చు, ఆగ్నేయాసియాలో వాడేవాళ్ళున్నారు. సెగ మీద చూపించి బాగా వాడ్చి, రెండు పొరలు వెయ్యండి. రుచి బావుంటుంది కానీ అది అరటాకు రుచి, జియాషింగ్ వాసన రాదు.

మాంసం. కొవ్వూ కండా కలిసిన పొట్ట భాగం తీసుకుని, బొటనవేలంత మందంగా, పొడుగు ముక్కలుగా కొయ్యండి. కొవ్వు ముక్కలు విడిగా కాసిని ఉండాలి. రెండు చెంచాల లైట్ సోయా, అర చెంచా డార్క్ సోయా, చెంచా పంచదార, ముప్పావు చెంచా ఉప్పు, చెంచా మద్యం వేసి చేత్తో పిసకండి. ఎంతసేపు అంటే, ముక్కల మీద సన్నటి తెల్ల నురుగు కనిపించే దాకా. ఆయీ ఈ పని పావుగంట చేసేది, మధ్యలో ఆపేది కాదు. తర్వాత ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు, రాత్రంతా అయితే మరీ మంచిది. పంది మాంసం తిననివాళ్ళు కోడి తొడ మాంసం చర్మంతో సహా వాడండి. బ్రెస్ట్ పీస్ మాత్రం వద్దు, ఇన్ని గంటల ఉడుకుకి పీచులా అయిపోతుంది.

బియ్యాన్ని గబగబా రెండు మూడు నీళ్ళలో కడిగి, చిల్లుల గిన్నెలో వేసి అరగంట వదిలెయ్యండి. మాంసం జోంగ్‌జికి బియ్యం గంటలకి గంటలు నానబెట్టకూడదు, నీళ్ళు తాగేసిన గింజ సోయా సాస్‌ని పీల్చుకోదు. నీళ్ళు కారిపోయాక నాలుగు పెద్ద చెంచాల లైట్ సోయా, చెంచాన్నర డార్క్ సోయా, చెంచాన్నర పంచదార, రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి ఇంకో అరగంట పక్కన పెట్టండి, మధ్యలో రెండుసార్లు కిందా మీదా కలపండి. మన మార్కెట్లో దొరికే కొన్ని సోయా సాస్‌లు బాగా ఉప్పగా ఉంటాయి, కాబట్టి ఒక గింజ నోట్లో వేసుకుని చూడండి. పచ్చి బియ్యం కొంచెం ఉప్పెక్కువగా అనిపించాలి, ఉడికేటప్పుడు కొంత ఉప్పు నీళ్ళలోకి పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, కట్టడం. తొందరపడకుండా చదవండి, వీలైతే పక్కన రెండు ఆకులు పెట్టుకుని చెయ్యండి.

ఆకుకి ఒక వైపు నున్నగా, ఇంకో వైపు ఈనె ఉబ్బుగా ఉంటుంది. నున్నటి వైపే బియ్యానికి తగలాలి. రెండు ఆకుల్ని నున్నటి వైపు పైకి పెట్టి, ఒకదాని మొదలు దగ్గర ఇంకోదాని కొస వచ్చేలా, సగం వెడల్పు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరవండి. పొడవులో మూడో వంతు దగ్గర తిప్పి పొట్లం చుట్టండి. వేరుశనగలు అమ్మేవాళ్ళు కాగితంతో చుట్టే పొట్లం ఉంది కదా, అచ్చం అలాగే. ఒక్కటే తేడా, కాగితం పొట్లానికి కింద కొస సూదిగా ఉన్నా పర్వాలేదు, ఇక్కడ ఆకు కొస అడ్డంగా ఒకసారి మడత పడి తీరాలి. పొట్లాన్ని లైటు వైపు ఎత్తి లోపలికి చూడండి. కింద సూదిమొనంత వెలుతురు కనిపించినా విప్పేసి మళ్ళీ చుట్టండి. అక్కడ్నుంచే బియ్యం కారుతుంది.

పొట్లం ఎడం చేతిలో. వెనక వైపు ఆకు పొడుగ్గా నిలబడి ఉంటుంది, అదే మూత అవుతుంది. రెండు చెంచాల బియ్యం వేసి, చెంచా వెనక వైపుతో మూలలోకి నొక్కండి. ఒక కండ ముక్క, దాని మీద కొవ్వు ముక్క, మళ్ళీ కండ ముక్క. ఈ వరస ఎందుకంటే కొవ్వు మధ్యలో కరిగి చుట్టూ ఉన్న కండలోకీ, ఆ పైన బియ్యంలోకీ ఇంకుతుంది. విప్పినప్పుడు కొవ్వు ముక్క దాదాపు కనిపించకూడదు. మాంసం మునిగేలా పైన బియ్యం వేసి, అంచుకి కొంచెం కింద ఆపండి.

మూత ఆకుని ముందుకు వంచి పొట్లం నోటిని మొత్తం కప్పండి. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క, రెండు వైపులా ఆకుని కిందికి నొక్కితే రెండు మూలలు తేలతాయి. ఇంకా మిగిలిన తోకని నిలువునా చిటికి పట్టి, ఒక పక్కకి మడిచి పొట్లం ఒంటికి ఆనించండి. ఇప్పుడు చేతిలో ఉన్నది నాలుగు మూలలున్న గట్టి ముద్ద. చెయ్యి సడలించకండి.

దారం. ఒక్కో దానికి మీటరుంపావు కత్తిరించి ముందే తడిపి ఉంచుకోవాలి. ఆయీ దారం ఒక కొసని పళ్ళతో కరిచిపట్టి, రెండో కొసని కుడి చేత్తో చుట్టేది, ఎడం చెయ్యి జోంగ్‌జిని వదిలేదే కాదు. మొదట్లో మనకి అది కుదరదు, దారాన్ని కుర్చీ వీపుకి కట్టి, జోంగ్‌జిని లాగుతూ చుట్టుకోండి. నడుం దగ్గర రెండు చుట్లు గట్టిగా, తర్వాత మూలల మీదుగా అడ్డంగా ఒక్కో చుట్టు, మళ్ళీ నడుం మీదికి వచ్చి జారుముడి. చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, గింజ కదిలిన చప్పుడు వస్తే వదులుగా ఉందన్నమాట. మాంసం జోంగ్‌జికి కట్టు బిగువుగా ఉండాలి, లేకపోతే కొవ్వంతా నీళ్ళపాలు. క్షారపు నీళ్ళ రకానికి మాత్రం కొంచెం వదులు కావాలి, ఆ బియ్యం బాగా ఉబ్బుతుంది. కట్టాక ఎక్కడైనా ఆకు పలచగా కనిపిస్తే, దారం కిందకి ఇంకో ఆకు ముక్క దూర్చెయ్యండి.

ఉడికించడం ఓపికతో చేసే పని, కష్టం మాత్రం లేదు. లోతైన గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నప్పుడు జోంగ్‌జిలు వెయ్యాలి. చన్నీళ్ళలో వేస్తే బియ్యంలోని సోయా ఉప్పు నీళ్ళు వేడెక్కే లోపే బయటికొచ్చేస్తుంది. నీళ్ళు రెండంగుళాలు పైకి ఉండాలి, పైన బరువైన పళ్ళెం బోర్లించండి. మొదటి గంట పెద్ద మంట, తర్వాత రెండున్నర గంటలు చిన్న మంట. నీళ్ళు తగ్గితే కాగే నీళ్ళే పొయ్యండి, చన్నీళ్ళు పోస్తే మధ్యలో గింజ బిరుసుగా ఉండిపోతుంది. ప్రెషర్ కుక్కర్లో అయితే మూడింట రెండు వంతులు మించకుండా నింపి, జోంగ్‌జిలు మునిగేలా నీళ్ళు పోసి, మొదటి విజిల్ తర్వాత చిన్న మంట మీద యాభై నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే దిగే దాకా ఆగండి. రెండు పద్ధతుల్లోనూ మంట ఆపాక గంటసేపు అదే నీళ్ళలో వదిలెయ్యాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఆ గంటలోనే ముద్ద సర్దుకుని, విప్పితే ఆకుకి అంటుకోకుండా వస్తుంది.

శాకాహారులకి నేను బీజింగ్ వైపు రకం చెప్తాను, అది పుట్టుకతోనే శాకాహారం. బియ్యం రాత్రంతా నానబెట్టండి, ఉప్పూ సోయా ఏమీ వద్దు. లోపల రెండు చైనా ఎండు రేగుపళ్ళు. ఇవి మన రేగుకి బంధువులే, ఆన్‌లైన్‌లో జుజుబే పేరుతో దొరుకుతాయి. లేకపోతే గింజ తీసిన ఖర్జూరం ఒకటి చాలు, అది తీపి ఎక్కువ. ఇదే పద్ధతిలో కట్టి, రెండున్నర గంటలు ఉడికించి, చల్లార్చి పంచదార అద్దుకుని తినాలి. తీపా ఉప్పా అని అక్కడ ఉత్తరాదివాళ్ళకీ దక్షిణాదివాళ్ళకీ ప్రతి ఏడూ ఆన్‌లైన్‌లో వాదనే. నా ఓటు ఉప్పు వైపే. ఉప్పగా ఉండే శాకాహార రకం కావాలంటే గ్వాంగ్‌డాంగ్‌లోని జావోచింగ్ ఊరి పద్ధతి నుంచి అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ బియ్యం, మాంసంతో పాటు పెసరపప్పు పొరగా వేస్తారు. మాంసం మానేసి, నానబెట్టిన పెసరపప్పుకి ఉప్పూ కొంచెం నూనే పట్టించి, ఎండు పుట్టగొడుగు ముక్కలతో పెట్టి చూడండి. మన నోటికి వెంటనే నచ్చే రుచి అది.

పరీక్షలు రాసే పిల్లలున్న ఇంట్లో సన్నగా, పొడుగ్గా, కలంలా ఒకటి కట్టి పెడతారు. కలం జోంగ్ అన్న మాట చైనీస్‌లో బీ-జోంగ్, తప్పక గెలుస్తావు అన్న మాట ఉచ్చారణ కూడా దానికి చాలా దగ్గరగా ఉంటుంది. అక్కడి పెద్ద కాలేజీ ప్రవేశ పరీక్ష కూడా జూన్ మొదట్లోనే, అంటే పండుగ రోజులూ పిల్లల టెన్షనూ ఒకేసారి వస్తాయి. మా కింది ఇంటి పిల్లాడి కోసం ఆయీ అలాంటివి రెండు ప్రత్యేకంగా కట్టింది.

తినేటప్పుడు ఒక జాగ్రత్త. జిగురు బియ్యం గొంతులో పట్టుకుంటుంది, చిన్నపిల్లలకీ పెద్దవాళ్ళకీ చిన్న ముక్కలుగా కోసి పెట్టండి. అరగడానికి టైమ్ పడుతుంది, షుగర్ ఉన్నవాళ్ళు సగంతో ఆపడం మంచిది. పక్కన పాలు లేని వేడి టీ ఉంటే బావుంటుంది.

మిగిలినవి విప్పకుండానే ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్‌లో నెల పైన ఉంటాయి. చల్లారితే రాయిలా గట్టిపడతాయి, కంగారు పడకండి, ఆకుతో సహా కాగే నీళ్ళలో ఇరవై నిమిషాలు, ఫ్రీజర్‌లోవైతే ముప్ఫై అయిదు నిమిషాలు వేస్తే మళ్ళీ మొదటి రోజులాగే అవుతాయి. విప్పేటప్పుడు దారం కత్తిరించకండి, జారుముడి కొస పట్టుకుని లాగితే మొత్తం ఒక్క ఊపులో ఊడొస్తుంది. ఆకుని ముద్ద మీద నుంచి మెల్లగా, పొడవు వెంబడి ఒలవండి. సోయా రంగు పట్టి మెరుస్తున్న బియ్యం మీద ఈనెల గీతలు వరసగా అచ్చు పడి ఉంటాయి.